ఇంటి కంప్యూటరు చరిత్రను దాచుట

మన సంఘము బీరువాలో 1994వ సంవత్సరపు సంచిక అచ్చుప్రతి యొకటియు, దానిని కూర్చిన మూడు ఫ్లాపీలును కలవు. అచ్చుప్రతిలో 14 పుటలు చెదలపాలైనవి. మన పెద్దలు ఏయే యూళ్లనుండి ఇచటికి వలస వచ్చిరో తెలుపు పుటలవియే. ఫ్లాపీలున్నవి గదా యని మొదట ధైర్యముగా నుంటిమి. వానిని చదువు పాత యంత్రమును సంపాదించి చూడగా రెండు తెరచుకొననే లేదు. మూడవదానిలో తెలుగునకు మారుగా ఆంగ్లాక్షరముల గందరగోళము కనబడెను. ఆనాటి తెలుగు ఫాంట్లు ఆంగ్లాక్షరముల స్థానములందే మన అక్షరములను, ఒత్తులను ముక్కలుగా నిలిపెడివి. యూనికోడులో తెలుగునకు 1991లోనే చోటు దొరకినను, అచ్చుపనికి అది అలవాటగుటకు చాలకాలము పట్టెను. నాటి ఫాంటు లేనిదే మా ఫ్లాపీని చదువ వీలుకాదు.

ఇది మన యొక్కరి కష్టము కాదని పిమ్మట తెలిసికొంటిమి. ఇంటి కంప్యూటరు పుట్టిన అమెరికాలోను ఈ చింత కలదు. 1975 జనవరిలో ఆల్టెయిర్ 8800 ఒక పత్రిక ముఖచిత్రముగా వెలువడెను. ఆ మార్చి 5న కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో, ఒక యింటి కారుషెడ్డులో, అభిరుచిగలవారు కొందరు చేరి హోంబ్రూ కంప్యూటర్ క్లబ్బును ఆరంభించిరి. వారు తమలో తాము పంచుకొన్న చిన్న వార్తాపత్రికయే నేడు చరిత్రకారులకు ఆధారము. మన సంచికల వంటిదే యది. చరిత్ర యగునని వ్రాసినవారు తలంచియుండరు.

యంత్రమును అద్దాల బీరువాలో నుంచుట సులభము. దానిని నడిపిన ప్రోగ్రామును దాచుటయే కష్టము. మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియమువారు 2010లో మాక్‌పెయింట్, 2014లో తొలినాటి ఎం.ఎస్.డాస్ మూలపాఠములను యజమానుల అనుమతితో లోకమునకు వెల్లడించిరి. ఇంటర్నెట్ ఆర్కైవువారు 2013 నుండి పాత ప్రోగ్రాములను నేటి యంత్రములపైననే నడిపించి చూపుచున్నారు. పాత యంత్రము నడకను అనుకరించు ఎమ్యులేటరు దానికి సాధనము. అందు 1979 నాటి విజికాల్క్‌ను మేమును తెరచితిమి. అడ్డువరుసలు, నిలువువరుసలు, ఒక అంకె మార్చినంతనే మొత్తము తనకు తానే మారుట! ఇరువదేండ్లు లెడ్జరులో కూడిక తప్పి, కొట్టివేసి, మరల కూడిన గుమాస్తాకు ఆ సంతోషము వర్ణన చదివినంత మాత్రమున కలుగునా? అది నడచుచుండగా చూడవలెను.

ఇక మన మూడవ ఫ్లాపీ సంగతి. అచ్చుప్రతిలో మిగిలిన పుటలు దానిలోను ఉన్నవి గనుక, రెంటిని పంక్తికి పంక్తి సరిపోల్చి, ఏ గుర్తునకు ఏ అక్షరమో పట్టిక వ్రాయుచున్నాము. ఇంతవరకు 112 గుర్తులు తేలినవి. ఒత్తులు కొన్ని చిక్కవలసియున్నవి. ఆనాటి డీటీపీ ఫాంటు డిస్కు ఏ సభ్యుని యింటనైన నున్నచో పారవేయక, ఆదివారము సాయంకాలము మన గ్రంథాలయమునకు తెచ్చి యియ్యగోరెదము.