చెల్కనేల నురగ

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వైపు పల్లెల్లో, చెరువు కట్టల కింద, వాగుల ఒడ్డున ఈతచెట్లు కనబడతాయి. మొద్దు మీద కింది నుంచి పైకి గాట్లుంటాయి. ఒక ఏడు ఈ పక్క గీస్తే మరుసటి ఏడు ఆ పక్క గీస్తారు. అందుకే మాను మెట్లుమెట్లుగా వంకర తిరుగుతుంది. గాట్లు లెక్కబెడితే ఆ చెట్టు ఎన్నేళ్లు కల్లిచ్చిందో తెలుస్తుంది. ఈ ప్రాంతపు కల్లు చరిత్రకు ఇంతకన్నా నమ్మదగిన దస్తావేజు లేదనిపిస్తుంది.

ఇక్కడి మెరక భూములు ఎక్కువగా ఎర్ర చెల్క. వాననీరు అందులో నిలవదు, ఇంకి పోతుంది. తాటిచెట్లు వేళ్లను లోతుకు దింపి ఎండాకాలమూ కల్లిస్తాయి. ఈత అలా కాదు, చెమ్మ ఉన్నచోటు వెతుక్కుంటుంది. చెరువు శిఖం, ఒర్రె, పొలం గట్టు దాని తావులు. పంటకు పనికిరాని చౌడునూ తట్టుకుంటుంది. 1922లో పోచారం, 1931లో నిజాంసాగర్ జలాశయాలు పూర్తయ్యాక నీరందిన పల్లాలు వరికీ చెరకుకూ పోయాయి. ఈతకు గట్లూ ఒర్రెలే మిగిలాయి.

నేల చేసే పని అంతవరకే. మిగతాది చలి చేస్తుంది. మట్టల మొదట్లో ఒక పక్క చెక్కి, కొన్నాళ్లు ఆరనిచ్చి, మాపటివేళ పలుచగా గీసి లొట్టి (కల్లుకుండ) కడతారు. రాత్రంతా చుక్కచుక్కగా దిగుతుంది. గాలిలోని, లొట్టిలోని ఈస్టు అప్పుడే చక్కెరను పట్టుకుంటుంది. కానీ చలికాలపు రాత్రి దాని చేయి నడవదు. తెల్లవారుజామున దించిన కల్లు తియ్యగా, తేటగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ బుడగలు లేచి నురగ కడుతుంది, పులుపు తిరుగుతుంది. మర్నాటికి ఘాటెక్కి తాగలేని పులుపవుతుంది.

చలి దేశమైన ఇంగ్లండ్‌కూ నురగ పానీయం సంగతి ఎప్పుడో తెలుసు. వైన్‌లో చక్కెర కలిపితే చురుగ్గా పొంగుతుందని క్రిస్టఫర్ మెరెట్ అనే వైద్యుడు 1662లోనే రాయల్ సొసైటీకి నివేదించాడు. అయినా అక్కడి ద్రాక్షతో చేసిన నురగ వైన్‌కు పేరు రావడానికి మూడు వందల ఏళ్లకు పైగా పట్టింది. ససెక్స్‌లోని నైటింబర్‌లో 1988లో తీగలు నాటారు, 1992 పంటతో తొలి వైన్ చేశారు. దక్షిణ ఇంగ్లండ్‌లో చాలాచోట్ల ఉన్న సుద్దనేల వాననీటిని వదిలేస్తూనే లోపల చెమ్మ దాచుకుంటుంది. చల్లటి వేసవి పండులోని పులుపును పోనివ్వదు. సుద్ద, సున్నం ఒకే రాతి బిడ్డలు. అక్కడ సుద్ద తీగను పోషిస్తే, ఇక్కడ లొట్టి లోపల పూసిన సున్నం పొంగును ఆపి కల్లును పులియని నీరాగా నిలుపుతుంది. వాళ్లు బుడగలను మూత బిగించిన సీసాలో ఏళ్లకేళ్లు దాస్తారు. మన కల్లు మాత్రం చెట్టు నీడ దాటి దూరం పోలేకపోయింది.

దూరం పోలేని ఆ కల్లు మీదనే సర్కారు ఖజానా ఎంతో ఆధారపడింది. నిజాం రాజ్యంలో ఆబ్కారీ, అంటే కల్లు, సారాల మీది పన్ను, పెద్ద ఆదాయం. 1316 ఫసలీలో, అంటే 1906-07లో, దానికి ప్రత్యేక చట్టం వచ్చింది. 1947లో హైదరాబాద్‌ను భారత యూనియన్‌లో కలపాలని స్టేట్ కాంగ్రెస్ పోరాడినప్పుడు, ఆ ఖజానాను దెబ్బతీయడానికి ఈత, తాటిచెట్లను నరికే కార్యక్రమం చేపట్టింది. ఆ ఉద్యమ న్యాయాన్ని కాదనలేం. కానీ గొడ్డలి పడిన ప్రతి చెట్టుతోపాటు ఒక గీతకార్మికుడి మోకు, గీతకత్తి పనిలేకుండా పడ్డాయని కూడా చరిత్రలో రాయాలి.

చెట్లు తగ్గాయి, అడిగేవాళ్లు తగ్గలేదు. ఆ ఖాళీలోకి క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు వచ్చాయి. వాటితో చేసిన కల్తీ కల్లుకు నేలా లేదు, చలీ లేదు. 2015లో కల్తీ మీద దాడులు గట్టిగా జరిగినప్పుడు, కామారెడ్డి కూడా కలిసి ఉన్న నాటి నిజామాబాద్ జిల్లాలో, ఆ మత్తుకు అలవాటుపడిన కూలీనాలీ జనం ఒళ్లు వణుకుతూ ఆసుపత్రులకు చేరారు. నాకు ఇది ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధాకరమైన ఘట్టం.

ఆ ఏడాదే మొక్కలు నాటే హరితహారం కార్యక్రమం మొదలైంది, తెలంగాణలో చెరువు కట్టల మీద ఈతమొక్కలు నాటారు. ఈత మొదటి గాటుకు రావడానికి ఐదారేళ్లయినా పడుతుంది. అప్పటి మొక్కల్లో బతికినవాటికి ఇప్పుడు ఆ వయసు వచ్చింది.