ఫార్మాట్ కొట్టే ముందు

విండోస్ వదిలి లినక్స్‌కి మారడం అనగానే సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ గురించిన వాదనలు గుర్తొస్తాయి. రిపేర్ షాపులోకి మాత్రం లినక్స్ ఒక పనిముట్టుగానే వచ్చింది.

2000లో జర్మనీకి చెందిన క్లౌస్ క్నాపర్ 'క్నాపిక్స్' విడుదల చేశాడు. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, సీడీ పెడితే దాన్నుంచే కంప్యూటర్ బూట్ అవుతుంది. హార్డ్ డిస్క్ బాగుండి విండోస్ మాత్రమే పాడైతే, ఫార్మాట్ కొట్టే ముందు పెళ్లి ఫొటోలు, షాపు లెక్కలు బయటికి తీసేయొచ్చు. అలా టెక్నీషియన్ చేతికి లినక్స్ అలవాటైంది.

2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది. కొత్త విండోస్‌ని మోయలేని పాత మెషిన్లని ఏం చేయాలి? పారేయమనాలా, తేలికపాటి లినక్స్ వేసివ్వాలా? 2025 అక్టోబర్ 14న విండోస్ 10 వంతు వచ్చింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 కావాలి. మళ్లీ అదే ప్రశ్న.

జవాబు అందరికీ ఒకటి కాదు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖలు చేసే డీటీపీ షాపుకి లినక్స్ వేసిస్తే వాళ్ల పని ఆగిపోతుంది. బ్రౌజర్, ఉత్తరాలు, పిల్లల చదువు వరకే అయితే హాయిగా నడుస్తుంది. అందుకే మంచి టెక్నీషియన్ ముందు అడిగేది ఒకటే: "దీంతో మీరేం చేస్తారండీ?"