రూకకు భోజనం పెట్టిన ఇల్లు

మొన్న తొమ్మిదో తరగతిలో కాకతీయుల పాఠం చెబుతుంటే ఒక కుర్రవాడు లేచి, "సార్, అప్పట్లో హోటళ్ళు ఉండేవా?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. నిజానికి అది నవ్వవలసిన ప్రశ్న కాదు. ఊరు కాని ఊరు వెళ్ళినవాడికి ఆకలి వేస్తే ఏం చేసేవాడు? రాజులూ, కలిగినవారూ కట్టించిన సత్రాలు ఉండేవి. అక్కడ పెట్టేది ధర్మభోజనం. డబ్బిచ్చి తినదలచినవాడికి మరొక చోటు ఉండేది. అదే పూటకూళ్ళ ఇల్లు.

పూటకింత అని పుచ్చుకుని పెట్టే కూడు పూటకూడు. ఇవాళ మనం 'కూడు' అన్నది మోటుమాటగా వాడుతున్నాం గాని, ఒకప్పుడు అన్నానికి అదే మన మాట. కన్నడంలో 'కూళు' అన్నా, తమిళంలో గంజిని 'కూళ్' అన్నా ఇదే కుటుంబం. రెండు భాషల మధ్య బతికే మనకు ఈ చుట్టరికం వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఆ కుర్రవాడి ప్రశ్నకు జవాబు 'క్రీడాభిరామం'లో ఉంది. ఆ కావ్యం వినుకొండ వల్లభరాయని పేరుతో ప్రసిద్ధం. శ్రీనాథుడిదేనని వాదించిన పండితులూ ఉన్నారు. అందులో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. కోడిపందేలు చూస్తారు, పల్నాటి వీరుల కథ వింటారు. తిరిగి తిరిగి అలసిన మనుషులకు భోజనం మాట రాక తప్పదు కదా! అప్పుడు వస్తుంది లక్ష్మణవజ్ఝల ఇంటి ప్రస్తావన.

ఆ ఇంట్లో ఏం పెట్టేవారో వినండి. కప్పురభోగి అనే సన్నబియ్యం అన్నం. కమ్మని గోధుమ పిండివంట. గుప్పెడు పంచదార. అప్పుడే కాచిన ఆవునెయ్యి. పెసరపప్పు. అరటిపండ్లు. నంజుకోవడానికి నాలుగైదు రకాలు. చివర మీగడ తరకలతో కొత్త పెరుగు. ఇదంతా ఒక్క రూకకు. రూక అంటే ఆనాటి చిన్న నాణెం.

ఈ విస్తరిలో లేనిదేమిటో కూడా గమనించండి. మిరపకాయ లేదు. టమాటా లేదు, బంగాళాదుంప లేదు. అవన్నీ 1498లో పోర్చుగీసువారు మన తీరానికి దారి కనుక్కున్న తరువాత వచ్చినవే. కాకతీయ రాజ్యం 1323లోనే పడిపోయింది. ఆనాటి వంటకు కారం కావాలంటే మిరియాలే దిక్కు. సురవరం ప్రతాపరెడ్డి గారు 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ప్రచురించినప్పుడు ఇటువంటి పద్యాలనే సాక్ష్యంగా తీసుకున్నారు. శాసనాలు రాజుల దానాలు చెబుతాయి. మామూలు మనిషి విస్తరి చూడాలంటే కావ్యం తెరవాలి.

అయిదు వందల ఏళ్ళు దాటి విజయనగరం వద్దాం. గురజాడవారి 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. అందులోనూ ఒక పూటకూళ్ళ ఇల్లుంది. నడిపేది ఒక వితంతువు. సంతలో సామాన్లు కొనిపెడతానని గిరీశం ఆమె దగ్గర 20 రూపాయలు పట్టుకుపోయి వేశ్యకు ఖర్చుపెడతాడు. ఆమె చీపురుకట్ట పట్టుకుని వెతుక్కుంటూ వస్తే మనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాం. కాని ఒక్క క్షణం ఆలోచించండి. ఆ 20 రూపాయలు ఆమె వ్యాపారానికి పెట్టుబడి. అవి పోతే మర్నాడు పొయ్యి మీదికి ఏం ఎక్కుతుంది?

ఇంకొకటి. ఓరుగల్లు ఇంటికి లక్ష్మణవజ్ఝల అని యజమాని పేరు మిగిలింది. విజయనగరం ఇల్లాలిని మాత్రం మనమంతా 'పూటకూళ్ళమ్మ' అనే పిలుస్తాం. పనే ఆమె పేరయిపోయింది. దిక్కులేని ఆడదానికి గౌరవంగా బతకడానికి ఉన్న కొద్ది దారుల్లో వంట ఒకటి. ఆ దారిన నడిచినందుకు లోకం ఆమెను చులకన చేసింది.

ఈ కథ మన సరిహద్దుల అవతల కూడా నడిచింది. ఉత్తర కర్ణాటకలో ఖానావళి, మహారాష్ట్రలో ఖానావళ్ అంటారే, అవి పూటకూళ్ళ ఇళ్ళకు అక్కచెల్లెళ్ళే. బొంబాయి బట్టల మిల్లుల్లో మన తెలుగు పద్మశాలీలూ ఎందరో పనిచేశారు. ఆ మిల్లు కార్మికులకు ఇళ్ళలో వండి పెట్టిన ఆడవాళ్ళు సరుకులకోసం వడ్డీ వ్యాపారుల చేతుల్లో చిక్కేవారు. 1975లో ప్రేమా పురవ్ గారు అన్నపూర్ణా మహిళా మండలి స్థాపించి, వారిని కూడగట్టి బ్యాంకు అప్పులు ఇప్పించారు. గిరీశం కాజేసిన 20 రూపాయలకు జవాబు అక్కడ దొరికిందని నాకనిపిస్తుంది.

భోజనశాల గడపకు మరో చరిత్ర కూడా ఉంది. డబ్బున్నా కులం పేరుతో లోపలికి రానివ్వని రోజులు మన తాతలు చూశారు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్ళ పేరు పెట్టి మరీ ఆ అడ్డు తొలగించింది. రూక ఉన్న ప్రతివాడికీ విస్తరి వెయ్యాలన్న మాట చట్టంగా రావడానికి అంతకాలం పట్టింది.

ఆ కుర్రవాడికి ఇదంతా చెప్పాను. అతను కాసేపు ఊరుకుని, "మా అమ్మ కూడా బస్టాండు దగ్గర భోజనాలు పెడుతుంది సార్" అన్నాడు. ఈసారి తరగతిలో ఎవరూ నవ్వలేదు.

ఈసారి మీరు అటువంటి చోట కడుపునిండా తిన్నప్పుడు, డబ్బిచ్చి వచ్చేయకండి. వండి పెట్టిన ఆమె పేరు అడిగి తెలుసుకోండి.