శీఘ్రపరిశీలన చరిత్రము: వెలకు దొరకునది, దొరకనిది

అనంతగిరి యనగానే కొందఱకు వికారాబాదు కొండలును, మఱికొందఱకు విశాఖ మన్యమును స్ఫురించుచుండును. మా అనంతగిరి కోదాడ చెంతది. 2016 అక్టోబరు 11వ తేదీన సూర్యాపేట జిల్లా ఏర్పడినపుడు మండలకేంద్రమైనది. ఈ ప్రాంతమువారి దూరదేశ వలసలకు మూలము నీరే యని మా అభిప్రాయము. 1967 ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగరము కాలువలకు నీరు విడువబడెను. ఎడమకాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగరు, కోదాడ ప్రాంతములలో మెట్టభూములు మాగాణులైనవి. వడ్లమ్మిన ధనము పిల్లల చదువైనది. చదువు ఇంజనీరింగు పట్టమైనది. కంప్యూటరు పనివారి కొఱకు అమెరికా తలుపులు తెఱచిన 1990 తరువాతి దశాబ్దమున ఆ పట్టము సముద్రములు దాటినది.

ఆ సంతతివారి గృహములయందు నేడు తఱచుగ వినవచ్చు మాట "ప్రీమియం". "ప్రీమియం కట్టినారట, పదునైదు దినములలో వచ్చునట" యని తలిదండ్రులు సంతోషింతురు. వచ్చునది యేమి యని యడిగినచో "గ్రీన్ కార్డే" యని కొందఱు బదులు చెప్పుదురు. ఈ భ్రమమీద సంబంధములు కుదురుచున్నవి, ఎకరములు అమ్ముడువోవుచున్నవి. కావున ఈ శీఘ్రపరిశీలనయొక్క చరిత్రమును, దానిచే సిద్ధించునదేదో సిద్ధింపనిదేదో మన సంఘసభ్యుల కెఱిగించుట ఉచితమని యెంచితిమి.

వేగమునకు వెల యిచ్చుట మనకు క్రొత్త కాదు. 2013 జూలైలో అంతరించిన తంతిసేవయందు సాధారణపు తంతి యనియు, హెచ్చు రుసుముతో ముందుగ పంపబడు ఎక్స్‌ప్రెస్ తంతి యనియు రెండు తెఱగు లుండెను. 1997లో రైల్వేవారు తత్కాల్ టిక్కెట్టును ప్రవేశపెట్టిరి. పాస్‌పోర్టు కార్యాలయమునందును తత్కాల్ కలదు. తిరుమలలో మూడువందల రూపాయల ప్రత్యేక ప్రవేశదర్శనము నెఱుగని తెలుగువాడు అరుదు. ఇవి యన్నియు రసీదు పుచ్చుకొని బహిరంగముగ చెల్లించు రుసుములు. బల్లక్రింద చేయి తడుపుటలోనివి కావు. అమెరికావారి శీఘ్రపరిశీలనయు ఈ కోవలోనిదే. దానిని లంచమని నిందించుట యెంత తప్పో, వరమని తలంచుటయు నంత తప్పు.

ఈ చరిత్రమున 2000 సంవత్సరము ముఖ్యమైనది. ఆ యేట డిసెంబరు 21న, వాషింగ్టను నగరపు వ్యయముల పేర వెలసిన యొక చట్టమున, ఉద్యోగసంబంధమైన అర్జీలపై 1,000 డాలర్ల అదనపు రుసుము గైకొని వలసశాఖ వానిని శీఘ్రముగ పరిశీలింపవచ్చునను నియమమును చేర్చిరి. ఆ ధనము వ్యాపారసంస్థలకు శీఘ్రసేవ చేయుటకును, అర్జీల పరిశీలనా సాధనములను మెఱుగుపఱచుటకును ఉద్దేశింపబడినది. 2001 జూన్ 1న కొన్ని తరగతులకును, జూలై 30న మనవా రెక్కువగ నాశ్రయించు హెచ్-1బి తరగతికిని ఈ సౌకర్యము లభించెను. స్థిరనివాసమునకు సోపానమగు ఐ-140 అర్జీకి 2006లో కొన్ని తరగతులయందు ప్రాప్తించినది.

రుసుము నానాట పెరిగినది. 2010లో 1,225 డాలర్లు, 2018లో 1,410, 2019లో 1,440, 2020 అక్టోబరులో 2,500, 2024 ఫిబ్రవరి 26 నుండి 2,805, 2026 మార్చి 1 నుండి 2,965. ఇరువదియైదేండ్లలో దాదాపు మూడింత లైనదన్నమాట. ఇంత చెల్లించినను ఇది హక్కు గాదు, సౌకర్యము మాత్రమే. 2017 ఏప్రిల్ 3 నుండి హెచ్-1బి అర్జీలకును, 2020 మార్చి 20 నుండి, మహమ్మారి కాలమున, సమస్తమైన అర్జీలకును కొంతకాలము దీనిని నిలిపివేసిరి.

ఇక దీనిచే సిద్ధించున దేమి? ఐ-907 అను పత్రముతో రుసుము చెల్లించిన పిమ్మట పదునైదు దినములలో (2024 ఏప్రిల్ 1 నుండి ఇవి పనిదినములు, కొన్ని తరగతులకు నలుబదియైదు) వలసశాఖ యేదో యొక చర్య గైకొనవలెను. అది ఆమోదము కావచ్చును, తిరస్కారము కావచ్చును, మఱిన్ని ఆధారములు చూపుమను లేఖ కావచ్చును, తిరస్కరింపబోవుచున్నామను సూచన కావచ్చును. మోసమును శంకించి విచారణ ప్రారంభించుటయు చర్యయే. గడువు తప్పినచో రుసుము తిరిగి యిత్తురు. త్వరపడునది ఉత్తరువు, అది అనుకూలముగ నుండవలెనను నియమము లేదు. హెచ్-1బి యెంపికలో పేరు వచ్చుటకును ఈ రుసుమునకును ఎట్టి సంబంధమును లేదు. పేరు వచ్చిన తరువాతనే దీని ప్రసక్తి.

అర్జీ ఆమోదింపబడినదనుకొందము. అయినను వరుస మిగిలియే యుండును. 1990 నాటి చట్టము ఉద్యోగమార్గమున సంవత్సరమునకు సుమారు 1,40,000 స్థిరనివాస వీసాలను నిర్ణయించి, ఏ యొక్క దేశమువారికిని సాధారణముగ నూటికి ఏడు పాళ్ళు మించరాదని కట్టడి చేసినది. అందు భార్యాబిడ్డలును లెక్కింపబడుదురు. కోట్లాది జనముగల భారతదేశమునకును, వేలమంది మాత్రమే గల ద్వీపమునకును ఏడుపాళ్ళ పరిమితియే. 2025 అక్టోబరు మాసపు వీసా పట్టికలో రెండవ తరగతి భారతీయులకు 2013 ఏప్రిల్ 1వ తేదీకి ముందు వరుసలో చేరినవారికే వంతు వచ్చినది. ఆ తేదీ అనేకులకు శ్రామిక ధ్రువీకరణమునకై యజమాని అర్జీ పెట్టిన దినముతోనే నిర్ణయమగును. తరువాత ఎంత ధనము చెల్లించినను అది ఒక్క దినమైనను ముందునకు జరుగదు. ఎక్స్‌ప్రెస్ తంతి వార్తను త్వరగ చేర్చెడిది గాని, ఆ వార్తవిని బయలుదేరినవాని రైలును త్వరగ నడపలేదు గదా!

అట్లైన ఈ రుసుము వ్యర్థమా? కాదు. పైని చెప్పిన 2000 సంవత్సరముననే, అక్టోబరు 17న, మఱియొక చట్టము వెలసినది. దేశపరిమితిచే వరుసలో నిలిచినవారు ఐ-140 ఆమోదము గలవారైనచో, హెచ్-1బి ఆఱేండ్ల గడువు దాటిన పిదపను మూడేసి సంవత్సరముల పొడిగింపు పొందవచ్చునని అది విధించినది. ఆఱవ యేడు ముగియవచ్చి, చేత ఆమోదము లేనివానికి శీఘ్రపరిశీలన ప్రాణము వంటిది. 2015 మే 26 నుండి అట్టి యామోదము గలవారి భార్యలకు, భర్తలకు పనిచేయు అనుమతి యిచ్చు ఏర్పాటును కలిగినది.

కాని యొక్క చోట త్వరయే కీడు చేయగలదు. 2002 ఆగస్టు 6 నాటి బాలరక్షణ చట్టము ప్రకారము, తలిదండ్రులకు వంతు వచ్చిన దినమున బిడ్డకున్న వయస్సునుండి, అర్జీ పరిశీలనయందున్న కాలమును తీసివేయుదురు. మిగిలినది ఇరువదియొకటికి లోపలనైన ఆ బిడ్డ బిడ్డగనే పరిగణింపబడును. వంతు వచ్చునాటికి బిడ్డకు ఇరువదియొక యేండ్ల యైదు నెలలనుకొందము. అర్జీ యెనిమిది నెలలు నలిగియుండినచో లెక్కకు ఇరువది యేండ్ల తొమ్మిది నెలలగును. బిడ్డ తల్లిదండ్రులతో నిలుచును. అదే అర్జీ ఇరువది దినములలో తేలియుండినచో వయస్సు దాటి, వరుసనుండి తొలగిపోవును. వేగమును కొన్నవాడు బిడ్డకు రావలసిన యెనిమిది నెలల రక్షణను తన చేతులారా వదలుకొన్నట్లయ్యెను. కావున ఎదుగుచున్న బిడ్డలు గలవారు న్యాయవాదిని ఈ ప్రశ్న యడుగక రుసుము కట్టరాదు.

పెండ్లిమాటలకు కూర్చుండు పెద్దలకు మాదొక మనవి. "ఐ-140 ఆమోదమైనది" అని వరుని పక్షమువారు చెప్పినచో, అది గ్రీన్ కార్డని తలంపక, వరుసలో ప్రవేశించిన తేదీ యేది, ఏ తరగతి యని యడుగుడు. ఆ రెండు మాటలు తెలిసిన కన్య తన జీవితమును తానే గణించుకొనగలదు. ఈ రుసుము పేర ధనము వసూలుచేయు మధ్యవర్తులను నమ్మకుడు. ఇట్టి అర్జీ పెట్టుటకు యజమానికిని, అతని న్యాయవాదికిని అధికారము గలదు గాని, స్వయముగ అర్జీ పెట్టుకొనదగిన తరగతులలో దప్ప ఉద్యోగికే లేదు, ఇక కోదాడలోని దళారి యెక్కడ? శ్రామిక ధ్రువీకరణపు ఖర్చును ఉద్యోగినుండి రాబట్టుట 2007 జూలై 16 నుండి ఆ దేశమున నిషిద్ధమైనది కూడ.

తాతలు కాలువనీటికై ఎదురుచూచిరి. మనుమలు వీసావంతుకై ఎదురుచూచుచున్నారు. కాలువ చివరి పొలమువాడు తూము తీయువానికి ఎంత చెప్పినను, పైనుండి నీరు రానిదే తన మడి తడవదని యెఱుగును. ఆ యెఱుకతోనే మనవారు పొలమమ్మునపుడును, పిల్లనిచ్చునపుడును, రుసుము కట్టునపుడును వ్యవహరింతురు గాక యని కోరుచు విరమించుచున్నాము.