కాలిఫోర్నియాలో పోలీసు వాహనాల రంగుల చట్టం

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ట్రాఫిక్ విధుల్లో వాడే పోలీసు వాహనాల రంగును రాష్ట్ర వాహన స్మృతి నియంత్రిస్తుంది. నగర పోలీసులకూ కౌంటీ షెరీఫ్ సిబ్బందికీ ఇది వర్తిస్తుంది.

40800వ సెక్షన్ ప్రకారం, ప్రధానంగా ట్రాఫిక్ నిబంధనల అమలుకే నియమితుడైన అధికారి పూర్తి యూనిఫాం ధరించాలి. అతడు వాడే వాహనానికి రాష్ట్ర రహదారి గస్తీ పోలీసు విభాగం (హైవే ప్యాట్రోల్) కమిషనర్ నిర్దేశించిన ప్రత్యేక రంగు ఉండాలి. వాహన చోరీలు, తీవ్ర నేరాలు, ప్రమాదం చేసి ఆగకుండా పారిపోయిన ఘటనల దర్యాప్తుకే ప్రత్యేకించిన అధికారులకు ఈ నియమం వర్తించదు.

అతివేగం కేసుల్లో ఈ నియమానికి గట్టి బలం ఉంది. వాహనానికి నిర్ణీత రంగు లేకపోతే, ట్రాఫిక్ విధుల్లో ఉండి పట్టుకున్న అధికారి సాక్ష్యం చెల్లదని 40804వ సెక్షన్ చెబుతుంది. పోలీసులు మాటువేసి వాహనదారులను పట్టుకోకుండా, అందరికీ కనిపిస్తూ గస్తీ తిరిగి అతివేగాన్ని ముందే అరికట్టాలన్నది ఇందులోని ఆశయం.

పోలీసు వాహనాన్ని పోలేలా రంగులు వేసిన వాహనాన్ని సొంతంగా ఉంచుకోవడాన్నీ నడపడాన్నీ 27605వ సెక్షన్ నిషేధిస్తుంది. సినిమా, టెలివిజన్ చిత్రీకరణకు మాత్రమే వాడే వాహనాలకు షరతులతో మినహాయింపు ఉంది. ఒకే రంగు వేసిన వాహనాలకూ నిషేధం వర్తించదు.