హద్దు నది దగ్గర ఆగలేదు: డెట్రాయిట్ నుంచి బోర్డర్ పెట్రోల్ కథ

ఈ వారం ఎపిసోడ్ వినే తీరిక దొరకనివాళ్ళ కోసం అదే సంగతి ఇక్కడ రాసి పెడుతున్నా.

అమెరికా బోర్డర్ పోలీసులు అనగానే మెక్సికో వైపు ఎడారి, ముళ్ళకంచె గుర్తొస్తాయి. నేను ఉండేది మిషిగన్‌లోని ట్రాయ్‌లో. మన తెలుగువాళ్ళు బాగానే ఉన్న ఊరు. ఇక్కడి నుంచి డెట్రాయిట్ నది సుమారు 20 మైళ్ళు, అవతలి గట్టు కెనడా. బోర్డర్ పెట్రోల్ పెట్టిన మొదటి రెండు స్టేషన్లలో ఒకటి డెట్రాయిట్‌లోనే. రెండోది టెక్సస్‌లోని ఎల్ పాసో.

అసలు ఎందుకు పెట్టారు? 1882లో చైనా కూలీలు రాకుండా చట్టం చేశారు. వాళ్ళు దొంగదారిన వస్తున్నారని 1904 నుంచి గుర్రాల మీద కొంతమందిని కాపలా తిప్పారు. 1917 చట్టం మన ఇండియాతో సహా ఆసియాలో చాలా భాగానికి తలుపు మూసేసింది. యూరప్ వాళ్ళకు కూడా దేశానికి ఇంతమందే అని పెట్టిన కోటాను 1924లో ఇంకా బిగించారు. ముందు తలుపు మూశాక జనం దొడ్డిదారి చూస్తారు కదా! అందుకే ఆ ఏడాది మే 28న బోర్డర్ పెట్రోల్ పుట్టింది. మొదటి ఉద్యోగులకు బ్యాడ్జి, రివాల్వర్, ఏడాదికి 1,680 డాలర్ల జీతం ఇచ్చారు. గుర్రానికి దాణా సర్కారుదే. గుర్రం, జీను మాత్రం ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. డిసెంబర్ దాకా యూనిఫాం కూడా లేదు. ఇక్కడ గుర్రాల కంటే పడవలతోనే పని ఎక్కువ. అప్పుడు మద్య నిషేధం ఉండేది. ఈ నది మీద మనుషులతో పాటు సారా కూడా దాటేది.

గమనించాల్సింది ఏంటంటే, ఈ ఆఫీసు మొదట లేబర్ డిపార్ట్‌మెంట్ కింద ఉండేది. అంటే బయటినుంచి వచ్చేవాడు కూలీ, వాడి లెక్క కూలీల లెక్క. 1940లో, యుద్ధం రోజుల్లో, దాన్ని జస్టిస్ డిపార్ట్‌మెంట్‌కి మార్చారు. 2001 దాడుల తర్వాత, 2003లో హోంలాండ్ సెక్యూరిటీలో కలిపారు. పని కోసం వచ్చే మనిషి అదే మనిషి. చూసే చూపు మారింది: మొదట కూలీ, తర్వాత కేసు, ఇప్పుడు భద్రత. కెనడా సరిహద్దు మొత్తానికీ 2001కి ముందు 350 మంది లోపే ఉన్న ఏజెంట్లు తర్వాత 2,000 దాటారు.

హద్దు కూడా సాగింది. సరిహద్దుకి ‘తగినంత దూరం’లో వారంట్ లేకుండా బండ్లు తనిఖీ చేయొచ్చని 1946లో చట్టం వచ్చింది. ఆ దూరం 100 మైళ్ళని 1950లలో రూల్స్ రాశారు. మిషిగన్ చుట్టూ పెద్ద సరస్సులు. వాటి గట్టును సరిహద్దుగా లెక్కేస్తే రాష్ట్రం మొత్తం ఆ పట్టీలోకి వస్తుంది. పొలానికి హద్దురాయి ఒకచోటే ఉంటుంది. ఈ హద్దు మాత్రం మన కారుతో పాటు వస్తుంది.

అలాగని ఏజెంటు ఇష్టం కాదు. తిరుగుతూ బండి ఆపాలంటే తగిన అనుమానం ఉండాలని, మనిషి రూపం ఒక్కటే చాలదని 1975లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంట్లోకి రావాలంటే మన ఒప్పుకోలో, జడ్జి సంతకం ఉన్న వారంటో మామూలుగా కావాలి. మన వైపు కూడా ఒక బాధ్యత ఉంది: 18 ఏళ్ళు నిండిన విదేశీయులు గ్రీన్‌కార్డో, ఐ-94 కాగితమో వెంట పెట్టుకోవాలి. గల్ఫ్‌లో అకామా జేబులో లేకుండా మీరు బయట అడుగు పెట్టరు కదా, ఇదీ అంతే.

ఇంకో మాట. వంతెన దగ్గర నీలం యూనిఫాం వాళ్ళు, బయట తిరిగే ఆకుపచ్చ బోర్డర్ పెట్రోల్ ఒకే సంస్థ. ఐస్ వేరు, అది 2003లో వచ్చింది. ఇక్కడికి దగ్గర్లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉత్తుత్తి యూనివర్సిటీ నడిపి, 2019లో మన పిల్లల్ని పట్టుకున్నది ఐస్. ఆ ఏడాది చివరికి అరెస్టులు 250 దాకా వెళ్ళాయి, ఎక్కువమంది ఇండియా వాళ్ళే. వాళ్ళు దొంగతనంగా నది దాటి రాలేదు, వీసాతో విమానం దిగినవాళ్ళే. అందుకే కాగితం ఎంత సరిగ్గా ఉందో, ఎవరిచ్చారో కూడా అంత సరిగ్గా చూసుకోండి.