పాదాల నుంచి కారిన నీళ్ళు

2012 మార్చి. ముంబై ఇర్లాలోని వేళాంగణ్ణి మాత చర్చి దగ్గర ఏసు విగ్రహం పాదాల నుంచి నీళ్ళు కారాయి. కొందరు భక్తులు పట్టుకుని తీర్థంలా తాగారు. ఢిల్లీ నుంచి హేతువాది సనల్ ఎడమరుకు వెళ్ళి చూశారు. దగ్గర్లోని మరుగుదొడ్డి కాలువ పూడుకుపోయింది. వత్తిలోకి నూనె ఎక్కినట్టు ఆ నీరే గోడలోకి ఎక్కి, మేకు రంధ్రం గుండా బయటపడింది.

కాంక్రీటు కింద పైపు కారినా తడి కనిపించిన చోటే చిల్లు ఉండాలని లేదు. మంచి ప్లంబరు వెంటనే నేల పగలగొట్టడు. వాల్వు మూసి, పైపులో ఒత్తిడి పెట్టి, గేజి ముల్లు పడిపోతుందేమో చూస్తాడు. ఎడమరుకు చేసిందీ ఇలాంటి వెతుకులాటే.

ఫలితం? సెక్షన్ 295ఏ కింద ఫిర్యాదులు. అదే ఏడాది ఆయన ఫిన్లాండ్ వెళ్ళిపోయారు. 2024లో ఆ సెక్షన్ భారతీయ న్యాయ సంహితలో 299 అయింది. నంబరు మారింది. కాలువను బాగుచేయవచ్చు, మరి చట్టాన్నో?